ఎర్రచుక్క సార్జెంటమ్మ

సైన్యంలోని రవాణా కంపెనీలో స్టోరుకీ వర్క్‌షాపుకీ మధ్యనున్న ఇరుకు గదిలోకి కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు సార్జెంటమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆమె లోకమంతా లారీలే. వాటి టైర్లు, బ్యాటరీలు, బ్రేకులు, వాటిని నడిపే డ్రైవర్లు కంటినిండా నిద్రపోయారా లేదా అన్నది, ఇవన్నీ ఆమె తలనొప్పులు. ఇప్పుడు ఇదొకటి.

దాన్ని నేర్పడానికి బ్రిగేడ్ ఆఫీసు నుంచి కళ్ళజోడు ఆఫీసరొకాయన వచ్చాడు. "ఇంతకుముందు ఏడాదికోసారి తనిఖీ వాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళొస్తున్నారంటే మీరు నెల ముందు నుంచే రాళ్ళకి సున్నం కొట్టేవాళ్ళు. ఇక ఆ గొడవ లేదు. వారం వారం మిమ్మల్ని మీరే తనిఖీ చేసుకుంటారు. ఇది అద్దం లాంటిదన్నమాట" అని చెప్పాడు. ఆయన జీపు గేటు దాటకముందే సైనికులు ఆ సాఫ్ట్‌వేరుకి 'అద్దం' అని పేరు పెట్టేశారు.

అద్దం ప్రశ్నలు అడుగుతుంది. మంటలార్పే సిలిండర్లు నిండుగా ఉన్నాయా? డ్రైవర్లకి కంటి పరీక్షలు చేయించారా? బండ్లన్నీ బ్రేకు పరీక్ష నెగ్గాయా? అవునంటే పచ్చ, కాస్త తక్కువంటే పసుపు, లేదంటే ఎరుపు. ఎరుపు నొక్కితే మాత్రం కింద ఒక పెట్టె తెరుచుకుని, కారణం రాయమంటుంది.

మొదటి శుక్రవారం సార్జెంటమ్మ టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఒక్కో ప్రశ్నా చదివి జవాబిస్తూ పోయింది. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు క్షణం కూడా తటపటాయించలేదు. సగం బండ్లకి బ్రేకు లైనర్లు అరిగి రేకులా అయిపోయాయి. విడిభాగాల డిపోకి ఎన్నిసార్లు రాసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. 'లేదు' అని నొక్కింది. పెట్టె తెరుచుకుంది. 'లైనర్లు అడిగాం, రాలేదు' అని రాసి, చల్లారిన టీ తాగేసి వర్క్‌షాపులోకి వెళ్ళిపోయింది. అందులో ఆమె చేసిన వీరోచితం ఏమీ లేదు. అడిగారు, చెప్పింది.

సోమవారం బ్రిగేడ్ ఆఫీసు హాల్లో గోడంత తెర మీద అన్ని యూనిట్ల గళ్ళూ వేశారట. తెరంతా పచ్చని చేనులా కళకళలాడుతుంటే మధ్యలో ఒకే ఒక్క ఎర్రచుక్క. ఎవరిదని బ్రిగేడియర్ అడిగాడు. రవాణా కంపెనీ మేజర్ లేచి నిలబడ్డాడు.

మేజర్ మంచివాడే. కడుపులో మంటకి మాత్రలు చప్పరిస్తూ, ఎవరినీ నొప్పించకుండా పింఛను దాకా చేరితే చాలనుకునే మనిషి. తిరిగొచ్చి సార్జెంటమ్మని పిలిపించాడు.

"ఏమ్మా, నామీద నీకేమన్నా కోపమా?"

"అయ్యో, లేదు సార్."

"మరి ఆ ఎరుపేంటి? మనకి మనమే మార్కులు వేసుకోండి అన్నారు. ఎక్కడన్నా తన పేపరు తనే దిద్దుకుంటూ సున్నా వేసుకునేవాడు ఉంటాడా?"

"సార్, బ్రేకులు లేవు."

"లేవని నాకు తెలియదా? లేకపోవడం వేరు, లేవని చెప్పడం వేరు."

"వాళ్ళు అడిగింది ఉన్నాయా లేవా అనే కద సార్. చెప్పమంటే చెప్పాను. మీరు పచ్చ పెట్టమని రాతపూర్వకంగా ఇవ్వండి, ఇప్పుడే మార్చేస్తాను."

మేజర్ ఇంకో మాత్ర నోట్లో వేసుకున్నాడు. రాతపూర్వకం అన్న మాట వింటే ఆయన కడుపులో మంట రెట్టింపవుతుంది. "సరే, ఉండనీ" అని నీరసంగా అన్నాడు. "పైవారానికి కాస్త పసుపు దాకానన్నా లాక్కురా తల్లీ."

ఆ రోజు నుంచి బ్రిగేడ్ మొత్తంలో ఆమె పేరు ఎర్రచుక్క సార్జెంటమ్మ.

ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆమె అన్న. అతనూ సార్జెంటే. రెండో బెటాలియన్‌లో లారీల బాధ్యత అతనిది. రెండు వర్క్‌షాపులకీ మధ్య ఒక ప్రహరీగోడ అడ్డం, అంతే. అన్న చేరాడు కాబట్టే ఆమె సైన్యంలో చేరింది. లారీ స్టీరింగు మొదట పట్టించింది కూడా అతనే. మనిషి సరదా మనిషి, పనిమంతుడు, కానీ పై అధికారి కనుబొమ్మ ముడిపడితే చాలు, అతనికి అన్నం సయించదు.

ఆదివారం అన్న ఇంట్లో భోజనం. ఆమె, ఆమె భర్త లోపలికి అడుగు పెట్టగానే అన్న గరిటె ఎత్తి సలాం కొట్టాడు.

"రండి రండి, ఎర్రచుక్కగారూ! బావా, ఇంట్లో కూడా ఇంతేనా? కూరలో ఉప్పు తక్కువైతే కారణం రాయమంటుందా?"

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. నవ్వి ఊరుకోవడం తెలిసినవాడు. "కూర నేను వండుతాను బావా. నాకెప్పుడూ పసుపే పడుతుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వులయ్యాక సార్జెంటమ్మ అడిగింది. "అన్నయ్యా, నిజంగా నీ బండ్ల బ్రేకులన్నీ బాగున్నాయా? మనవి ఒకే ఏడాది వచ్చిన బండ్లు కదా!"

"బాగుచేసుకుంటాంలే మెల్లగా. మా కమాండరు గురువారమే అందర్నీ నిలబెట్టి చెప్పేశాడు, శుక్రవారానికి అంతా పచ్చగా కనపడాలని. పచ్చగా ఉంటే ఎవడూ మన జోలికి రాడే పిచ్చిదానా. ఎవడూ రాకపోతే మన పని మనం ప్రశాంతంగా చేసుకోవచ్చు."

వదిన వడ్డిస్తూ, "ఇంక ఆ ఆఫీసు గోల ఆపండి, పిల్లలు తినడం మానేసి మిమ్మల్నే చూస్తున్నారు" అంది. మాట అక్కడితో ఆగిపోయింది.

కొన్ని వారాలు గడిచాయి. సార్జెంటమ్మ ప్రతి శుక్రవారం ఎరుపు నొక్కుతూనే ఉంది, అదే కారణం రాస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఒకరోజు డిపో లారీ వచ్చి వర్క్‌షాపు ముందు ఆగి చెక్కపెట్టెలు దింపింది. అన్నీ బ్రేకు లైనర్లే. ఫోన్ చేసి కనుక్కుంటే తేలింది, ఎరుపు వరసగా కొన్ని వారాలు ఉంటే అద్దం దానంతటదే డిపోకి అర్జీ పంపుతుందట. ఆ సంగతి నేర్పడానికొచ్చిన కళ్ళజోడు ఆఫీసరుకి కూడా తెలిసినట్టు లేదు.

మేజర్ పెట్టెల చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశాడు. "చూశావా, నేను ముందే చెప్పలేదూ!" అన్నాడు. ఆయన ముందు ఏం చెప్పాడో గుర్తున్న మెకానిక్కులు అవతలికి తిరిగి నవ్వుకున్నారు.

లైనర్లు బిగించే పని మొదలైంది. సగం బండ్లు అయ్యేసరికి వానలు దంచికొట్టాయి. కొండ మీది పట్టణానికి వెళ్ళే దారి ఒకచోట విరిగిపడింది. ఇళ్ళు కూలాయి, కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. దారిని ఎలాగో తెరిచాక, తిండీ గుడారాలూ మందులూ వెంటనే పైకి చేర్చాలని బ్రిగేడ్‌కి ఆదేశం వచ్చింది. హాల్లో తెర ముందు నిలబడి పెద్దలు చూశారు. రవాణా కంపెనీ ఇంకా పసుపులోనే ఉంది. రెండో బెటాలియన్ నవనవలాడే పచ్చ. 'రెండో బెటాలియన్ బండ్లని పంపండి' అన్నారు. అంతే, మారుమాట లేదు.

ఆ మధ్యాహ్నమే అన్న గోడ చుట్టూ తిరిగి ఆమె వర్క్‌షాపుకి వచ్చాడు. ఒళ్ళంతా తడిసి ఉంది. ఎప్పుడూ వస్తూనే మెకానిక్కులతో వేళాకోళమాడే మనిషి ఎవరినీ పలకరించలేదు.

"నీ దగ్గర లైనర్లు మిగిలి ఉన్నాయట కదా."

"ఉన్నాయి. నీ బండ్లు ఎన్ని బాగాలేవు?"

అతను వేలుతో బెంచీ మీది గ్రీజు గీకాడు. "సగం పైనే."

"ఆ కొండ దిగుతూ... అన్నయ్యా, నీకు మతి ఉందా? ఇప్పుడే వెళ్ళి మీ కమాండరుతో చెప్పు."

"ఏమని చెప్పను? పొద్దున దాకా పచ్చగా ఉన్న బండ్లు మధ్యాహ్నానికి ఎట్లా ఎర్రబడ్డాయంటే ఏం చెప్పను? వాళ్ళక్కడ నీళ్ళు లేక అల్లాడిపోతున్నారు. రేపు పొద్దున్నే బండ్లు కదలాలి. నువ్వు లైనర్లు ఇస్తే సాయంత్రానికి బిగించేస్తాం. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

"స్టోరులోంచి బోల్టు పోయినా నేను రాయాల్సిందే."

"రాసుకో. వాడేశామని రాసుకో."

ఆమె చూపు మూలనున్న లైనర్ల పెట్టెల మీద పడింది. ఆ లారీల్లో కూర్చోబోయే డ్రైవర్లు అన్న బటన్ నొక్కినప్పుడు పక్కన లేరు. వాళ్ళనెవరూ అడగలేదు. మేజర్‌ని అడుగుదామంటే ఆయన జిల్లా కలెక్టరాఫీసులో మీటింగుకి పోయాడు, ఫోన్ కలవడం లేదు. "పెట్టెలు ఎత్తండి" అని మెకానిక్కులతో అంది.

రెండు వర్క్‌షాపుల మెకానిక్కులూ కలిసి వానలోనే పనికి దిగారు. అన్నాచెల్లెళ్ళిద్దరూ చక్రాల పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకు డ్రమ్ములు ఊడదీశారు. ఆ కాసేపూ పాత రోజుల్లాగే ఉంది, అతను స్పానర్ అనకముందే ఆమె స్పానర్ అందించింది. చీకటి పడే వేళకి పని అయిందనిపించారు. ఒక్క బండికి మాత్రం లైనర్లు చాలలేదు.

"దాన్ని వదిలేసి వెళ్ళు" అంది ఆమె.

"సరే, చూస్తాలే" అన్నాడు అన్న, చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు తెల్లవారగానే బండ్లు వరసగా గేటు దాటి వెళ్ళాయి. ఆ రోజు శుక్రవారం. సార్జెంటమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. బ్రేకు విడిభాగాలు స్టోరులో తగినన్ని ఉన్నాయా? లేదు. పెట్టె తెరుచుకుంది, కారణం రాయమని.

'వాడేశాం' అని రాస్తే సరిపోతుంది. అబద్ధమనడానికీ లేదు, నిజంగానే వాడేశారు. ఆ మాటే టైపు చేసింది. చేసి దానివంక చూస్తూ కూర్చుంది. అది చదివినవాళ్ళు ఏమనుకుంటారు? రవాణా కంపెనీ బండ్లన్నీ బాగయ్యాయనుకుంటారు. తన దగ్గర మిగిలిన బండ్లకి లైనర్లు రావు. రెండో బెటాలియన్ ఎలాగూ పచ్చే కాబట్టి వాళ్ళకీ రావు. వచ్చే వానకి మళ్ళీ ఇదే కథ. అన్న ముఖం కళ్ళముందు మెదిలింది. వదిన గుర్తొచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. అన్నకి సుబేదారు హోదా ఇవాళో రేపో అని ఇంట్లో అందరూ అనుకుంటున్న సంగతీ గుర్తొచ్చింది.

టైపు చేసింది చెరిపేసి, 'రెండో బెటాలియన్ లారీలకి ఇచ్చాం, వాటి లైనర్లు అరిగిపోయినందున' అని రాసి పంపేసింది.

సాయంత్రం ఇంటికి పోగానే భర్తకి చెప్పింది. అతను యూనిఫాం చొక్కా విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"మీ అన్నయ్యకి ముందే చెప్పావా, ఇట్లా రాస్తానని?"

"రాస్తానని చెప్పాను. ఏమని రాస్తానో చెప్పలేదు."

"బ్రేకు లేని బస్సు ఇస్తే నేనైతే తాళాలు విసిరికొట్టి వచ్చేస్తాను. నువ్వు రాసింది తప్పనను. కానీ బావకి ఒక మాట ముందే చెప్పుంటే బాగుండేదోయ్."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

మూడోరోజు కబురొచ్చింది. బండ్లన్నీ సరుకు దించి క్షేమంగా తిరిగొస్తున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ దిగుడులో బ్రేకు పట్టక వేగం అందుకుంటే, డ్రైవరు లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు మట్టికట్టకి గుద్దించి ఆపాడట. డ్రైవరుకి నుదురు చిట్లింది. పక్కన కూర్చున్న సార్జెంటుకి చెయ్యి విరిగింది.

లైనర్లు చాలని బండి అది. గుడారాలకి చోటు చాలక దాన్ని కూడా తీసుకెళ్ళాల్సి వచ్చిందట. అందరికన్నా వెనక దాన్ని పెట్టి, "ఇందులో నేను కూర్చుంటాను" అని అన్న ఎక్కాడట.

ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. అన్న మంచం మీద కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. అప్పటికే బ్రిగేడ్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, ఆమె రాసింది అతనికి చదివి వినిపించి వెళ్ళారు.

"ఆ బండి వదిలేయమన్నాను కదా అన్నయ్యా."

"ఎవరికీ తెలియక్కర్లేదు అని నేనూ అన్నాను కదా" అన్నాడు అతను, తల తిప్పకుండానే. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

విచారణ బ్రిగేడియర్ గదిలోనే జరిగింది. తెల్లటి గోడలు, పొడవాటి బల్ల, గోడవారగా రెండో బెటాలియన్ కమాండరు, మేజర్, ఇవతల అన్నాచెల్లెళ్ళు. వానకి తడిసి బ్రేకులు జారాయని ఒక్క మాటంటే అన్న సగం బయటపడేవాడే. అతని కమాండరు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అతని వైపు చూశాడు కూడా.

"నీ బండ్లు పచ్చగా ఉన్నాయి కదయ్యా, మరి ఆమె దగ్గర లైనర్లు ఎందుకు తీసుకున్నావు?" అని బ్రిగేడియర్ అడిగాడు.

"బండ్లు బాగాలేవు సార్. పచ్చ నొక్కింది నేనే."

"ఎవరైనా నొక్కమన్నారా?"

"వేలు నాది సార్" అన్నాడు.

కమాండరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బ్రిగేడియర్ ఆ కిటికీ వైపూ చూశాడు, అన్న వైపూ చూశాడు. ఇంకేమీ అడగలేదు.

అన్నకి హోదా ఆగిపోయింది. లారీల పని తీసేసి డిపోలో గుమాస్తా పనికి వేశారు. ఆదేశం లేకుండా సరుకు ఇచ్చినందుకు సార్జెంటమ్మకి హెచ్చరిక కాగితం ఇచ్చారు. మేజర్ ఆ కాగితం ఆమెకి అందిస్తూ, "నేనుంటే ఇమ్మనే చెప్పేవాణ్ణి తల్లీ, అనుకుంటా" అన్నాడు. ఆ చివరి మాట కూడా చెప్పినందుకు ఆమెకి ఆయన మీద గౌరవం కలిగింది. రెండో బెటాలియన్ కమాండరుకి నెల తిరక్కుండా ఎక్కడికో బదిలీ అయింది. శిక్షో కాదో ఎవరికీ తెలియదు.

అన్ని యూనిట్లనీ మళ్ళీ నిజాయితీగా నింపమని బ్రిగేడియర్ హుకుం జారీ చేశాడు. ఆ శుక్రవారం అందరూ భయం కొద్దీ ఉన్నదున్నట్టు నొక్కేసరికి తెరంతా మిరపపళ్ళు ఆరబోసినట్టయింది. అది చూసి బ్రిగేడియర్ పైవాళ్ళు ఆయనకి ఫోన్ చేశారు. కొన్నాళ్ళకి కళ్ళజోడు ఆఫీసరు మళ్ళీ వచ్చి, అద్దంలో కొత్తగా ఒక రంగు చేర్చామని చెప్పాడు. మరమ్మతు అడిగిన వాటికి ఇక ఎరుపు ఉండదట, లేత పచ్చ. సార్జెంటమ్మ విని, "పెట్టె తెరుచుకుంటుందా?" అని మాత్రం అడిగింది. తెరుచుకుంటుందన్నాడు. "అయితే ఏ రంగైనా వేసుకోండి" అంది.

ఇంటి సంగతే తేలలేదు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. ఒకరోజు వదినే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"ఇంకేదన్నా రాసి చావకపోయావా అమ్మాయ్? సొంత అన్న కదా! ఎన్నేళ్ళ కష్టం, ఒక్క వాక్యంతో పోయింది."

"వాడేశామని రాద్దామనుకున్నాను వదినా. రాశాను కూడా. ఉంచలేకపోయాను."

"ఉంచాల్సింది." వదిన గట్టిగా అంది. కానీ వెళ్ళలేదు. కాసేపటికి కుర్చీలో కూలబడింది. "ఆ బండిలో కూర్చున్నాడని నాకు ఆయన చెప్పలేదు, తెలుసా? డ్రైవరు భార్య మార్కెట్లో నా చేతులు పట్టుకుని ఏడిస్తే తెలిసింది. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, బ్రేకుల్లేవని తెలిసి తెలిసీ ఎక్కాడు. నీమీద కోపం తెచ్చుకుందామని వచ్చాను, సగం దారిలో ఆయన మీదకి మళ్ళింది. ఎవరిమీద చూపించాలో అర్థం కావట్లేదు."

సార్జెంటమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "నేను ముందే చెప్పాల్సింది వదినా, ఇట్లా రాస్తున్నానని. అది మాత్రం నా తప్పే."

"ఆ మాట నాకెందుకు, ఆయనతో చెప్పు."

చెప్పడానికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి అన్న ఇంట్లో లేడు. రెండోసారి ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఎటు వైపుదో తెలియక ఆమె ఇంటికొచ్చేసింది.

వానలు పోయి చలి మొదలయ్యాక ఒక ఉదయం వర్క్‌షాపులో ఫోన్ మోగింది. డిపో నుంచి.

"రవాణా కంపెనీయేనా? మీ అర్జీలో బ్యాటరీ మోడల్ నంబరు రాయలేదు" అన్నాడు అవతల అన్న, ఎవరో పరాయి మనిషితో మాట్లాడుతున్నట్టు.

ఆమె రిజిస్టరు తీసి నంబరు చెప్పింది. అతను రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇక్కడ నా పనేంటో తెలుసా?" అన్నాడు ఉన్నట్టుండి. "అన్ని యూనిట్లవాళ్ళూ ఆ పెట్టెల్లో రాసేవి చదవడం. ఒకడు 'కారణం ఉంది' అని రాస్తాడు. ఒకడు 'పైవారం చెప్తాం' అంటాడు. ఇంకొకడైతే నాకు పండగ శుభాకాంక్షలు రాశాడే! ఏం పంపాలో, ఎవరికి పంపాలో తెలిసేట్టు ఏడ్చేది ఒక్క నీ రాతే. అందులోనూ మోడల్ నంబరుండదు."

"ఈసారి రాస్తాలే అన్నయ్యా."

"రాయి మరి." అవతల కాగితం తిప్పాడు. "మంగళవారం బండి పంపుతున్నా. బ్యాటరీలు బరువు, ఎత్తడానికి మనుషుల్ని పెట్టుకో. నేనూ వస్తా గానీ నా చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదు."

"నువ్వు ఎత్తకు. ఊరికే రా. వచ్చి నిలబడు చాలు."

"నిలబడటానికేంలే" అన్నాడు అన్న. "బావకి చెప్పు, మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనేనని. కూర సంగతి చూసుకోమను."